రంగులరాట్నం గుర్రానికి రంగు ఎప్పుడు వేయాలి?

మీరు పంపిన రెండు ఫొటోలూ శ్రద్ధగా చూశాను. ఆరేళ్ళ పాప గదిలో గోడకు తగిలించడానికి రంగులరాట్నం గుర్రాన్ని చెక్కముక్కలు పొదిగే ఇంటార్సియా పద్ధతిలో చేయాలనుకున్నారు. పది రకాల ఖరీదైన కలప కొనే బదులు ఒకే తెల్లని పలకను కోసి ముక్కలకు రంగులు వేద్దామనుకున్నారు. ముక్కలన్నీ అతికించి, సందుల్లో పుట్టి పెట్టి, పైన తెల్ల ప్రైమర్ పూసి, ఆ తర్వాత రంగులు వేశారు. ఇప్పుడు కొన్నిచోట్ల పుట్టి పగిలి సందులు బయటపడ్డాయనీ, గుర్రం చెక్కతో చేసినట్టు కాక ప్లాస్టిక్ బొమ్మలా ఉందనీ, అసలు ఇంటార్సియాకు రంగు వేయడమే తప్పా అనీ అడిగారు. నేను న్యూజెర్సీలో మా గరాజులో పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మీరు చేసిన పొరపాట్లలో ఒకటి తప్ప మిగిలినవన్నీ నేనూ చేసినవే కనుక కొంత వివరంగానే రాస్తాను.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటి జవాబూ దానిలోనే ఉంది. ఇంటార్సియా అంటే రకరకాల చెక్కముక్కలను ఒకదాని పక్కన ఒకటి పొదిగి బొమ్మ కట్టడం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇటలీలోని గుబ్బియో పట్టణం నుంచి తెచ్చిన చిన్న గది ఒకటి ఉంది. అది 1478–82 ప్రాంతంలో ఉర్బినో ప్రభువు ఫెడెరిగో ద మాంటెఫెల్ట్రో కోసం చేసినది. అందులో గోడల నిండా సగం తెరిచిన అలమరాలు, వాటి అరల్లో పుస్తకాలు, వాద్యాలు ఉన్నట్టు కనిపిస్తాయి గాని, నిజానికి అదంతా చదునైన చెక్కే. అమెరికాలో ఇప్పుడు అభిరుచిగా చేసే ఇంటార్సియా ఇంత చదునుగా ఉండదు. ప్రతి ముక్కనూ విడిగా గుండ్రంగా అరగదీసి, ఎత్తుపల్లాలు కల్పించి, వెనక ఒక పలచని ప్లైవుడ్ మీద అతికిస్తారు. రెండింటిలోనూ కనిపించే రంగు కలప సొంత రంగే. వాల్‌నట్ గోధుమ రంగునిస్తుంది, యాస్పెన్ తెలుపునిస్తుంది, వెస్టర్న్ రెడ్ సెడార్ ఎరుపునిస్తుంది. అందుకే ఇంటార్సియా చేసేవారిలో చాలామంది కుంచె పట్టుకున్నవారిని కాస్త చిన్నచూపు చూస్తారు.

మామూలు గుర్రం బొమ్మ అయితే వారి మాట వినవచ్చు గాని, రంగులరాట్నం గుర్రం విషయంలో నేను వినను. ఆ గుర్రం పుట్టుకే రంగులతో. గుస్తావ్ డెంట్జెల్ 1867లో ఫిలడెల్ఫియాలో రంగులరాట్నాల పని మొదలుపెట్టినప్పటి నుంచి 1930 దాకా అమెరికా కర్మాగారాల్లో చెక్కిన గుర్రాల్లో రంగు లేకుండా బయటికి వెళ్ళినది దాదాపు లేదు. తరవాతి కాలంలో పాత గుర్రాలకు గిరాకీ పెరిగి, కొందరు వాటి రంగంతా గీకి వట్టి చెక్కకు వార్నిష్ పూసి అలంకారంగా అమ్ముకున్నారు. అలాంటి గుర్రాన్ని చూస్తే నాకు నగలన్నీ ఒలిచేసిన పెళ్ళికూతురు గుర్తుకొస్తుంది. కనుక రంగు వేయడం తప్పు కాదు. అయితే రంగు వేస్తామన్న నిర్ణయం చెక్క కోయక ముందే జరగాలి, ఎందుకంటే కోత, నార (చెక్కలోని పోగులు) దిశ, అరగదీత, అతికింపు అన్నీ దానిని బట్టి మారిపోతాయి. మీ గుర్రంలో రంగు చిట్టచివర వచ్చింది. మొత్తం చిక్కు అక్కడే ఉంది.

మీరు అనుసరించిన వరుస ఎక్కడిదో నాకు అర్థమైంది. అది కొండపల్లి వరుస. అక్కడ తెల్ల పొణికి చెక్కతో కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, అతుకులు అదే మక్కుతో సరిచేసి, మీద సున్నం పూసి, ఆ తెల్లని నేల మీద రంగులు వేస్తారు. అంబారీ ఏనుగులో తొండం ఎక్కడ అతికిందో కంటికి తెలియకూడదు. ఆ పనితనం గొప్పదనమే అది. ఇంటార్సియా దానికి సరిగ్గా ఎదురు. ఇక్కడ అతుకు తెలియాలి. రెండు ముక్కల మధ్య ఉండే సన్నని నీడగీతే చిత్రకారుడు పెన్సిల్‌తో గీసిన గీత. జీను ఎక్కడ ముగిసి పొట్ట ఎక్కడ మొదలైందో, జూలులో ఒక పాయ మీద ఇంకో పాయ ఎలా పడిందో చెప్పేది ఆ గీతే. దానిని పుట్టితో పూడ్చి, మీద తెల్ల ప్రైమర్ పూస్తే బొమ్మలోని గీతలన్నీ చెరిపి రంగులు మాత్రం మిగిల్చినట్టవుతుంది. పైగా విడివిడి ముక్కలు చలికాలంలో ఎండి కుంచించుకుంటాయి, వేసవిలో తేమ పీల్చి ఉబ్బుతాయి. వాటి మధ్య గట్టిపడిన పుట్టి పగలక మానదు. మీ ప్లాస్టిక్ బొమ్మకు, పగుళ్ళకు రెండింటికీ కారణం ఇదే.

ఇక సందుల సంగతి. ఒకే పలక నుంచి అన్ని ముక్కలూ కోసే పద్ధతిని ఇక్కడ సెగ్మెంటేషన్ అంటారు. కచ్చితంగా మాట్లాడేవారు దీనిని ఇంటార్సియా అని ఒప్పుకోరు. రంగు వేసే గుర్రానికి మాత్రం ఇదే తగిన పద్ధతి అని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకే కోతతో రెండు ముక్కల అంచులూ తయారవుతాయి గనుక అవి తమంతట తామే ఒకదానికొకటి సరిపోతాయి. స్క్రోల్ సాలో, అంటే సన్నని బ్లేడుతో వంపులు కోసే యంత్రపు రంపంలో, 5వ నంబరు బ్లేడు సుమారు అర మిల్లీమీటరు మేర చెక్కను తినేస్తుంది. అంత సందు ఉండి తీరుతుంది, ఉండాలి కూడా. అంచులు కొద్దిగా గుండ్రం చేశాక అదే నీడగీత అవుతుంది. మీ ఫొటోలో నన్ను ఆపినది సందు ఉండటం కాదు, అది ఒకచోట వెంట్రుకలా, ఇంకోచోట అగ్గిపుల్ల పట్టేంత వెడల్పుగా ఉండటం. ముఖ్యంగా పైకి లేపిన జీను చుట్టూ ఎడమవైపు బిగిసిపోయి, కుడివైపు తెరుచుకుని ఉంది.

ఇలా జరిగిందంటే మీ రంపం బల్లకు బ్లేడు నిటారుగా లేదు. బల్ల రెండు డిగ్రీలు వాలిందనుకోండి; కంటికి అది తెలియదు. కాని 19 మిల్లీమీటర్ల మందం గల పలకలో కోత పైనుంచి కిందికి వచ్చేసరికి సుమారు 0.7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ముక్కలన్నీ ఒకే ఎత్తులో పడుకుని ఉన్నంతసేపు ఆ వాలు బయటపడదు, ఎందుకంటే పక్క ముక్క అంచు కూడా అదే వాలులో ఉంటుంది. కింద చిన్న చెక్క పెట్టి జీనును పైకి లేపిన క్షణంలో, కోసిన దిశను బట్టి, ఒక పక్క రాసుకుంటుంది, మరో పక్క విడిపోతుంది.

బల్లను సరిచూడటానికి నేను చేసేది చెప్తాను. రంపంతో వచ్చిన కోణమట్టాన్ని నమ్మను. ఒక వృథా ముక్కను, కనీసం 40 మిల్లీమీటర్ల మందం గలదాన్ని తీసుకుని బ్లేడుతో అంచున చిన్న గాటు పెడతాను. రంపం ఆపి, ఆ ముక్కను అలాగే బల్ల మీద తిప్పి బ్లేడు వెనక్కి తెచ్చి, వెనకవైపు నుంచి బ్లేడును అదే గాటులోకి జారుస్తాను. తడబడకుండా జారితే బల్ల సరిగా ఉన్నట్టు. అంచుకు తట్టుకుంటే, ఎంత తట్టుకుందో అందులో సగం మేరకు బల్లను వంచి మళ్ళీ చూస్తాను. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. ప్రతి కొత్త గుర్రం ముందు తప్పకుండా చేస్తాను. బల్ల సరిగా ఉన్నా బ్లేడు మొద్దుబారితే చేయి తెలియకుండానే చెక్కను పక్కకు నెడుతుంది. అప్పుడు బ్లేడు వంగి, కోత మధ్యలో పొట్టలా ఉబ్బుతుంది. చెక్క దానంతట అది ముందుకు వెళ్ళాలి, మీరు తిప్పడం మాత్రమే చేయాలి. నెట్టవలసి వచ్చిందంటే బ్లేడు మార్చవలసిన సమయం వచ్చిందన్నమాట. బ్లేడు దగ్గర పొదుపు చేయకండి.

చెక్క గురించి మీరు పైన్ వాడానని రాశారు. పైన్ చౌక, వాసన బాగుంటుంది, కాని మెత్తని పొరలూ గట్టి పొరలూ పక్కపక్కనే ఉంటాయి గనుక అరగదీసేటప్పుడు మెత్తనిది ముందు పోయి గుర్రం పొట్ట మీద గట్లు పడతాయి. కణుపుల్లోని జిగట ఏడాది తరవాతైనా రంగులోంచి పచ్చగా ఊరుతుంది. పాత కర్మాగారాల శిల్పులు ఎక్కువగా బాస్‌వుడ్ వాడారు. అది తేలిక, మెత్తన, నార దాదాపు కనిపించనంత సన్నన. ఉలికి ఎటు తిప్పినా లొంగుతుంది, రంగును సమంగా పీల్చుకుంటుంది. దానికే నా ఓటు. అది దొరకకపోతే పోప్లర్ తీసుకోండి. దానిలోని ఆకుపచ్చ చార రంగు కింద కనిపించదు.

పాత గుర్రాలను ఎలా కట్టారో తెలుసుకుంటే మీకు ఇంకో మేలు జరుగుతుంది. అవి ఒకే దుంగలో చెక్కినవి కావు. పలకలు అతికించి పెట్టెలాగా లోపల బోలుగా ఒళ్ళు కట్టేవారు. దానివల్ల బరువు తగ్గేది, బీటలు వారేది కాదు. కాళ్ళు విడిగా చేసేవారు, చెక్క నార కాలు పొడవునా నడిచేటట్టు చూసుకునేవారు, అడ్డంగా ఉంటే పిల్లవాడు ఎక్కి తన్నగానే కాలు విరుగుతుంది గనుక. మీ గోడబొమ్మను ఎవరూ ఎక్కరు గాని, సన్నని కాలును నారకు అడ్డంగా కోస్తే రంపం కిందే పుటుక్కుమంటుంది. అందువల్ల మొత్తం గుర్రాన్ని ఒకే పలకలో కోయకండి. ఒళ్ళు, మెడ, తల, జీను ఒక పలకలో అడ్డనారతో, కాళ్ళు వేరే పలకలో నిలువునారతో, తోక ఇంకో ముక్కలో, స్తంభం విడిగా కోయండి. కాలు ఒంటికి కలిసేచోట మాత్రం అసలైన ఇంటార్సియా నైపుణ్యం కావాలి: ముందు కాలును గీత ప్రకారం కోసి, అంచు శుభ్రం చేసి, దానిని ఒంటి పలక మీద పెట్టి, బాగా చెక్కిన పెన్సిల్‌తో దాని అంచు వెంట గీసి, ఆ కొత్త గీత మీద ఒళ్ళు కోయాలి. కాగితం మీది గీతను రెండోసారి నమ్మకూడదు.

నమూనా ఎంచుకోవడంలో ఒక చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. మీ గుర్రం తల ఎడమవైపు తిరిగి ఉంది. అమెరికా రంగులరాట్నాలు పైనుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరుగుతాయి. బయట నిలబడి చూసేవారికి గుర్రాలు ఎడమ నుంచి కుడికి పరుగెడతాయి, అంటే గుర్రం కుడి పక్క కనిపిస్తుంది. శిల్పి తన పనితనమంతా ఆ పక్కనే పెట్టాడు. జూలు అటే పడుతుంది, నగలు, పూలు, అద్దాలు అటే ఉంటాయి, లోపలి పక్క సాదాగా వదిలేసేవారు. ఇంగ్లండులోని రాట్నాలు గడియారం దిశలోనే తిరుగుతాయి గనుక అక్కడి గుర్రాలకు ఎడమ పక్క అలంకారం. మీది అమెరికా గుర్రం కావాలంటే తల కుడివైపు ఉండాలి. కాగితాన్ని తిప్పి గీసుకుంటే సరిపోతుంది. పాపకు ఈ తేడా పట్టదు, నాకు మాత్రం పట్టింది.

శైలి విషయంలో కూడా ఒక మాట. ఫిలడెల్ఫియా శైలి గుర్రాలు, అంటే డెంట్జెల్ కర్మాగారం, 1904లో మొదలైన ఫిలడెల్ఫియా టొబోగన్ కంపెనీ చేసినవి, నిజమైన గుర్రంలా కండలు తేలి గంభీరంగా ఉంటాయి. 1876లో చార్లెస్ లూఫ్ రాట్నంతో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో మొదలైన శైలిలో ఎగిరే జూలు, గాజురాళ్ళు, బంగారు రేకు ఎక్కువ. ఆ శైలి శిల్పి మార్కస్ ఇలియన్స్ చెక్కిన జూళ్ళు మంటల్లా లేస్తాయి. అవి చూసి ముచ్చటపడి మీరు అదే నమూనా తీసుకున్నారు, అందులో జూలు ఒక్కదానికే ఇరవై రెండు ముక్కలు ఉన్నాయి. రెండో గుర్రానికే అంత వద్దు. ఊరూరా తిరిగే సంతల కోసం కన్సాస్‌లో పార్కర్, నార్త్ టోనవాండాలో హెర్షెల్ కర్మాగారాలు చేసిన గుర్రాలు ఇంకో రకం. బండ్లలో ఎక్కించడానికి, దించడానికి అనువుగా కాళ్ళు ముడుచుకుని, అలంకారం తక్కువగా ఉంటాయి. ఆ ముడుచుకున్న కాళ్ళు రంపానికి సుఖం. మొత్తం ముప్పై అయిదు, నలభై ముక్కల్లో గుర్రం పూర్తవుతుంది. మన ఇళ్ళకు అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ నయాగరా ప్రయాణం ఎలాగూ తప్పదు కదా. అక్కడికి దగ్గరలోనే ఉన్న నార్త్ టోనవాండాలో ఆ పాత హెర్షెల్ కర్మాగారాన్నే మ్యూజియంగా ఉంచారు, 1916 నాటి రాట్నం ఎక్కవచ్చు కూడా. ఒక పూట అటు కేటాయిస్తే కాగితం మీది నమూనాలకన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

ముక్కలు కోశాక ఎత్తులు. దూరంగా ఉన్నది లోతుగా, దగ్గరగా ఉన్నది ఎత్తుగా ఉండాలన్నదే సూత్రం. అవతలి పక్క కాళ్ళను 12 మిల్లీమీటర్లకు తగ్గించండి. ఒళ్ళు పలక మందమే, 19. ఇవతలి కాళ్ళ కింద, జీను కింద 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క పెట్టి లేపండి. జూలు మెడకన్నా 3 మిల్లీమీటర్లు ఎత్తు ఉంటే చాలు. అరగదీయడం ఎప్పుడూ లోతైన ముక్కతో మొదలుపెట్టాలి. అవతలి కాలు గుండ్రం చేశాక దానిని స్థానంలో పెట్టి, దాని పైభాగం ఎంత ఎత్తులో ఉందో పక్కనున్న ఒంటి ముక్క అంచు మీద పెన్సిల్‌తో గీయండి. ఒంటిని అరగదీసేటప్పుడు ఆ గీత కిందికి పోకూడదు. అలా ప్రతి ముక్కా తన పక్కవాడికి హద్దు చెప్తుంది.

పొట్ట, తొడ, భుజం రెండు మూడు ముక్కలుగా ఉన్నా కండ ఒకటిగా పొంగినట్టు కనిపించాలి. విడివిడిగా అరగదీస్తే అది ఎప్పటికీ కుదరదు. ఆ ముక్కలను ఒక వృథా ప్లైవుడ్ మీద రెండు వైపులా అంటుకునే టేపుతో కలిపి బిగించి, ఒకే ముక్కగా భావించి అరగదీయండి. తరవాత విడదీసి, అంచులు మాత్రం 220 నంబరు శాండ్‌పేపరుతో రెండు మూడు సార్లు నిమరండి. మీ గుర్రంలో ప్రతి ముక్కా దిండులా విడిగా ఉబ్బి ఉంది. పక్కటెముకల దగ్గర మూడు బన్‌రొట్టెలు పక్కపక్కన పెట్టినట్టుంది. దీనికి కారణం ఇదే.

బాస్‌వుడ్‌కు ఒక చెడ్డ గుణం ఉంది: తడి తగలగానే నూగు లేస్తుంది. 220 దాకా అరగదీశాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, లేచిన నూగును వాడిన పాత శాండ్‌పేపరుతో తేలికగా తీసేయండి. ఈ పని మానేస్తే మొదటి రంగుపూతలోనే గుర్రానికి గడ్డం మొలుస్తుంది. అరగదీసేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. గరాజు తలుపు తెరిచి ఉంచాను కదా అని నేను మొదటి రెండేళ్ళు ఊరుకున్నాను. ఆ తరవాత వెస్టర్న్ రెడ్ సెడార్ పని ఒకటి చేసి నెల రోజులు దగ్గాను. ఆ కలప పొడి కొందరికి ఉబ్బసం తెప్పిస్తుందని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు అసలు రంగు. ముక్కలు అతికించక ముందే, ఒక్కొక్కటిగా వేయాలి. ప్రైమర్ వద్దు, జెస్సో (ప్రైమర్ లాంటి తెల్లపూత) వద్దు. మామూలు యాక్రిలిక్ రంగును ఒక వంతు తీసుకుని రెండు మూడు వంతుల నీళ్ళు కలపండి. పలచని పాలలా ఉండాలి. కుంచెతో ఎప్పుడూ మధ్య నుంచి అంచువైపుకు లాగండి. మొదటి పూత వేశాక ‘ఏమీ పట్టలేదే’ అనిపిస్తుంది. ఆరాక రెండోది, మూడోది వేయండి. మూడు పలచని పూతల కింద చెక్క ఇంకా కనబడుతూనే ఉంటుంది. ఒక్క మందపు పూత దానిని పూర్తిగా కప్పేస్తుంది. చివరి పూత ఆరాక భుజం, తొడ, డెక్కల వంటి ఎత్తైన చోట్ల 320 పేపరుతో ఒక్కసారి తాకితే కింది చెక్క లేతగా మెరుస్తుంది, కండకు వెలుగు తగిలినట్టుంటుంది.

అంచుల సంగతి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నేను నా మూడో గుర్రాన్ని ఇక్కడే పాడుచేసుకున్నాను. ముక్కల మధ్య సందులోంచి తెల్ల చెక్క కనిపించకూడదు గనుక పక్కలకు కూడా రంగు వేయాలి. నేను ఉత్సాహంగా ప్రతి ముక్క పక్కలనూ కింది దాకా రెండు మందపు పూతలతో నింపాను. తీరా అమర్చబోతే మెడలోని ఏడు ముక్కలు ఆరు ముక్కల చోటులో పట్టవలసి వచ్చినట్టయింది. ఒక్కో పక్కన రంగుపొర కాగితమంతే, కాని ఏడు ముక్కలకు పద్నాలుగు పక్కలు. రెండు సాయంత్రాలు ఆకురాయి పట్టుకుని ఆ రంగంతా గీకాను. అప్పటి నుంచి పైఅంచు నుంచి నాలుగు మిల్లీమీటర్ల లోతు వరకే, నీళ్ళలా పలచన చేసిన ముదురు రంగు ఒక్క పూత వేస్తాను. నల్ల రంగు వాడను. గోధుమ రంగు గుర్రానికి కాఫీ రంగు, ఎర్ర జీనుకు మెరూన్, తెల్ల గుర్రానికి వెచ్చని బూడిద రంగు. నీడ కూడా ఆ వస్తువు రంగులోంచే పుట్టాలి. వెనక వైపు రంగు అంటకూడదు, జిగురు పట్టవలసినది వట్టి చెక్కకే.

తెల్ల గుర్రం అన్నారు గనుక ఒక సలహా: డబ్బాలోని తెలుపును నేరుగా వాడకండి. అందులో చిటికెడు గోధుమ రంగు కలిపి దంతపు రంగుకు దించండి. పాత రంగు ఎలా ఉండేదో చూడాలంటే కొలరాడోలోని బర్లింగ్టన్‌లో కిట్ కార్సన్ కౌంటీ రాట్నం ఉంది. ఫిలడెల్ఫియా టొబోగన్ కంపెనీ 1905లో డెన్వర్‌లోని ఎలిచ్ గార్డెన్స్ కోసం చేసినది అది. 1928లో ఆ కౌంటీ కొనుక్కుంది. దాని 46 జంతువుల మీద ఇప్పటికీ మొదటి రంగే ఉంది. మా వైపు బ్రూక్లిన్ బ్రిడ్జి పార్కులోని జేన్స్ కరౌసెల్ కథ దీనికి భిన్నం. అదే కంపెనీ 1922లో చేసిన ఆ 48 గుర్రాల మీద ఎన్నో పొరల రంగు పేరుకుపోయి ఉంటే, జేన్ వాలెంటస్ అనే చిత్రకారిణి చిన్న కత్తితో ఏళ్ళ తరబడి ఆ పొరలు గీకుతూ అడుగునున్న తొలి రంగులను వెలికితీసి, వాటి ప్రకారమే మళ్ళీ వేయించింది. మందపు రంగు పొరల కింద చెక్కడపు గీతలన్నీ ఎలా మూసుకుపోతాయో ఆ గుర్రాలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

బంగారు రంగు గురించి అడగలేదు గాని, మీ ఫొటోలో కళ్ళెం, జీను అంచు, డెక్కలు, స్తంభం, జూలు చివరలు అన్నీ బంగారమే. రెండుచోట్లకు తగ్గించండి. స్తంభానికి ఒకటి ఉండి తీరాలి, ఎందుకంటే అసలు రాట్నంలో అది మెలి తిరిగిన ఇత్తడి గొట్టం. చదునైన చెక్కపట్టీ మీద ఏటవాలు గీతలు వేసి బంగారు రంగు పూస్తే మెలిక రాదు. ఆ గీతల మీద కోసి చిన్నచిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కనూ విడిగా గుండ్రం చేసి పేర్చాలి. జీను పైన పది, పొట్ట కింద ఎనిమిది ముక్కలు వస్తాయి. విసుగు పుట్టించే పనే అయినా ఆ బొమ్మను మామూలు గుర్రం నుంచి రంగులరాట్నం గుర్రంగా మార్చేది అదొక్కటే. పైముక్క, కింది ముక్క ఒకే తిన్నని గీతలో ఉన్నాయో లేదో అతికించే ముందు స్కేలు పెట్టి చూడండి. రెండు మిల్లీమీటర్లు జరిగినా కంటకింపుగా ఉంటుంది.

కన్ను రంగుతో వేయకండి. చిన్న రంధ్రం చేసి, వాల్‌నట్ పుల్లముక్కను గుండ్రంగా అరగదీసి పొదగండి. మీద వార్నిష్ రెండు చుక్కలు వేస్తే తడిగా మెరుస్తుంది. తెల్ల చుక్క టూత్‌పిక్ మొనతో, కంటి పైభాగంలో కొద్దిగా ముందుకు పెట్టండి. మధ్యలో పెడితే గుర్రం బెదిరినట్టు కనబడుతుంది.

రంగు పూర్తిగా ఆరాక ప్రతి ముక్కకూ నీటి ఆధారిత పాలీయురేథేన్, మెరుపు తక్కువగా ఉండే శాటిన్ రకం, రెండు పూతలు వేయండి. బాగా మెరిసేది వేస్తే మళ్ళీ ప్లాస్టిక్కే అవుతుంది. వెనక పలకకు 6 మిల్లీమీటర్ల బర్చి ప్లైవుడ్ సరిపోతుంది. ముక్కలన్నీ పేర్చి, బయటి అంచు చుట్టూ గీసి, గీతకు రెండు మిల్లీమీటర్లు లోపలగా కోసి, దాని అంచుకు నల్లరంగు వేయండి. అప్పుడు పక్కనుంచి చూసినా పలక కనబడదు, గుర్రం గోడ నుంచి కొద్దిగా తేలినట్టుంటుంది. అతికించేటప్పుడు పసుపు రంగు చెక్క జిగురుతో పాటు, ప్రతి ముక్కకూ ఒక మూల సూపర్ గ్లూ చుక్క పెడితే, చెక్క జిగురు ఆరేలోగా ముక్క జారదు. మొదట ఒళ్ళు, ఆ తరవాత బయటికి. చివర తోక, స్తంభం. పిల్లల గది కాబట్టి గోడ లోపలి స్టడ్‌కే, అంటే నిలువు చెక్కకే, స్క్రూ దిగాలి.

మీ పాత గుర్రాన్ని విడదీసి మళ్ళీ చేయవచ్చా అని కూడా అడిగారు. వద్దు. పుట్టి, ప్రైమర్ వదిలించేసరికి ముక్కల ఆకారమే మారిపోతుంది. దాని వెనక వైపు ఇంకా వట్టి పైన్ ఉంటే, రంగులు నీళ్ళలో ఎంత పలచన చేయాలో చూసుకోవడానికి దాన్ని వాడుకోండి. పాప పుట్టినరోజుకు ఇంకా ఏడు వారాలు ఉన్నాయని రాశారు. కోతకు రెండు వారాంతాలు, అరగదీతకు రెండు, రంగుకు ఒకటిన్నర, అతికించి ఆరబెట్టడానికి ఒకటి పడుతుంది. మిగిలిన సగం వారాంతం స్తంభం ముక్కలకు పోతుంది. ముందుగా బల్ల సరిచూసి, ఆ వృథా ముక్క గాటులో బ్లేడు వెనకనుంచి జారిందో లేదో నాకు రాయండి. కాళ్ళ పలక ఆ తరవాతే కోయండి.